పుష్కర్ ఘాట్ల బాధ్యత చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. రాజస్థాన్‌లోని పుష్కర్ ఘాట్లలో పూజ పేరుతో యాత్రికులను భయపెట్టి డబ్బు తీసుకోవడం గురించి రెండు వినతులు పంపాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ఎదుట రాస్తున్నాను.

కిందటి కార్తీకంలో అమ్మను తీసుకుని జైపూర్ నుంచి ఒక్కరోజు యాత్రగా పుష్కర్ వచ్చాను. అజ్మీర్ దాటి, నాగ పహాడ్ కొండ మలుపులు దిగగానే ఎడారి అంచున ఆ సరోవరం, చుట్టూ 52 ఘాట్లు. బ్రహ్మదేవుడి గుడి చూడాలన్నది అమ్మకు ఏనాటి కోరికో. నాన్న పోయి మూడేళ్లు. ఆయన పేరు చెప్పుకుని నీళ్లలో నాలుగు పూలు వదలాలనుకుంది, అంతే.

మెట్ల దగ్గరే ఒకాయన చేతిలో పూలు పెట్టి కూర్చోబెట్టాడు. అమ్మకు హిందీ రాదు. సంకల్పం నడుమ "ఐదు వేలు ఇస్తాను" అని హిందీలో ఆయన పలికిస్తే, మంత్రమే అనుకుని తిరిగి పలికింది. లేచాక, అది నీళ్ల సాక్షిగా ఇచ్చిన మాట అన్నాడు. తప్పితే పోయినవారికి శాంతి ఉండదన్నాడు. అమ్మ వణుకుతూ తన దగ్గరున్న రెండు వేలూ ఇచ్చేసింది. అక్కడి సావిత్రి మాత గుడి ఉన్న కొండకు ఇక రానంది. "మీ నాన్న పేరు మీద మాట తప్పానా?" అని ఇప్పటికీ అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు.

తరతరాలుగా అక్కడ శ్రద్ధగా కర్మ చేయించే పురోహితులను నేను తప్పుపట్టడం లేదు. ఇది వారి గౌరవానికీ దెబ్బే.

దక్షిణ ఐచ్ఛికమని ప్రతి ఘాట్ దగ్గర తెలుగుతో సహా యాత్రికుల భాషల్లో బోర్డు పెట్టించండి. పూజ చేయించేవారికి గుర్తింపు కార్డు, తీసుకున్న సొమ్ముకు రసీదు తప్పనిసరి చేయండి. ఫిర్యాదు వినే మనిషిని అక్కడే ఉంచండి. వచ్చే కార్తీక పూర్ణిమలోపు ఇవి జరగాలని, రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు యాత్రికుడు