టెన్స్ బిట్లలో చెవిని నమ్మకు

ఒరేయ్ శీనూ,

నువ్వు ఫోటో తీసి పంపిన గ్రామర్ బిట్లన్నీ చూశాను. నీకు రూల్స్ రాక పోయిన మార్కులు కావురా ఇవి. పన్నెండు టెన్సుల ఫార్ములాలు నిద్రలో లేపి అడిగినా చెప్తావు. ఖాళీలో నాలుగు ఆప్షన్లూ ఒక్కోటి పెట్టి మనసులో చదువుకుని, ఏది బాగా వినిపిస్తే దానికి టిక్ పెడుతున్నావు, అక్కడ పోతున్నాయి. మన చెవి తెలుగు క్రియలతో పెరిగింది. ఇంగ్లీషులో తప్పయినది కూడా దానికి కమ్మగానే వినిపిస్తుంది. పేపర్ తయారుచేసేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు, అందుకే నాలుగింటిలో ఒకటి సరిగ్గా మన చెవికి నచ్చేలా పెడతారు.

అందుకని ప్రాక్టీసులో ముందు ఆప్షన్లు చేత్తో మూసెయ్. వాక్యం ఒక్కటే చదివి, టైమ్ చెప్పే మాట ఏదో పట్టుకో. తర్వాత పనులు ఒకటా రెండా చూడు. కర్త ఏకవచనమా బహువచనమా, పని తనే చేస్తోందా, దాని మీద ఎవరైనా చేస్తున్నారా చూడు. అప్పుడు చెయ్యి తీసి, కుదరనివి కొట్టేసుకుంటూ రా. ఉదాహరణకి, "ది చార్మినార్ ____ ఇన్ 1591." ఆప్షన్లు: బిల్ట్, వాజ్ బిల్ట్, హాజ్ బీన్ బిల్ట్, హాడ్ బిల్ట్. చార్మినార్ తనంతట తను దేన్నీ కట్టదు, దాన్ని కట్టారు. కాబట్టి బిల్ట్, హాడ్ బిల్ట్ పోయాయి. 1591 ఎప్పుడో ముగిసిన సంవత్సరం, ముగిసిన టైమ్ పక్కన హావ్, హాజ్ నిలబడవు. మిగిలింది వాజ్ బిల్ట్. చెవితో పనే పడలేదు చూడు.

ఈ ముగిసిన టైమ్ సంగతి బాగా పట్టుకో, ఎక్కువ బిట్లు ఇక్కడే తిరుగుతాయి. యెస్టర్డే, అగో, లాస్ట్ వీక్, ఇన్ 2014 కనిపిస్తే సింపుల్ పాస్ట్. సిన్స్, సో ఫార్, యెట్, ఆల్రెడీ ఉంటే ముందు హావ్, హాజ్ వైపు చూడు. మనం "నిన్న వచ్చాడు", "ఇప్పటికే వచ్చాడు" అని రెండు చోట్లా ఒకటే క్రియ వాడతాం, ఇంగ్లీషు విడదీస్తుంది. దీంట్లోనే చిన్న చిన్న ఉచ్చులున్నాయి. "లాస్ట్ వీక్" అంటే ముగిసింది, కానీ "ఫర్ ది లాస్ట్ టూ వీక్స్" అంటే ఇప్పటిదాకా నడుస్తోంది, దానికి హావ్ కావాలి. "జస్ట్" ఒక్కటే ఉంటే "హాజ్ జస్ట్ లెఫ్ట్", "జస్ట్ నౌ" ఉంటే "లెఫ్ట్ జస్ట్ నౌ". సిన్స్ కనిపించగానే ఎగిరి హాజ్ పెట్టేయకు, ఖాళీ దానికి ఎటు పక్కనుందో చూడు. "ఇట్ ఈజ్ టెన్ ఇయర్స్ సిన్స్ హి ____ ది విలేజ్" అంటే ఖాళీ సిన్స్ తర్వాత ఉంది, అక్కడికి లెఫ్ట్ వస్తుంది.

నీ పేపర్లో ఎక్కువ పోయినవి "తున్నా" దగ్గర. "అయిదేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాడు" అన్నది మనసులో పెట్టుకుని "ఈజ్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్"కి టిక్ పెట్టావు. ఎంతకాలంగా అన్న లెక్క వాక్యంలో ఉందంటే ఉత్త ఈజ్ వర్కింగ్ చాలదు, హాజ్ బీన్ వర్కింగ్ కావాలి. కాలం పొడవు చెప్తే ఫర్, మొదలైన చోటు చెప్తే సిన్స్: ఫర్ ఫైవ్ ఇయర్స్, సిన్స్ 2020. అలాగని ప్రతి క్రియకీ ఐఎన్‌జీ తగిలించకు. నో, ఓన్, బిలాంగ్, కన్‌టెయిన్ లాంటివి ఒప్పుకోవు. "ఐ హావ్ నోన్ హిమ్ సిన్స్ 2015" అనాలి, "హావ్ బీన్ నోయింగ్" అనకూడదు. హావ్ విషయంలో మాత్రం అర్థం చూడాలి. అక్కచెల్లెళ్లున్నారని చెప్పడానికి "ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్" తప్పు, "షి ఈజ్ హావింగ్ లంచ్" రైటే, ఎందుకంటే అక్కడ హావ్ అంటే తినడం.

రెండోది "స్తా". రోజూ అయిదింటికి లేస్తాను, రేపు అయిదింటికి లేస్తాను. అలవాటుకీ రేపటికీ మనకు ఒకటే రూపం. ఇంగ్లీషులో అలవాటుకి సింపుల్ ప్రెజెంట్. ఎవ్రీ డే, యూజువల్లీ, ఆన్ సాటర్డేస్ చూసి కూడా విల్ పెట్టావంటే "స్తా" నిన్ను లాగేసిందన్నమాట.

దీనికి తమ్ముడు లాంటిదే ఇఫ్. "వాన పడితే మ్యాచ్ ఆగిపోతుంది": "ఇఫ్ ఇట్ రెయిన్స్, ది మ్యాచ్ విల్ స్టాప్." విల్ రెండో సగానికే, ఇఫ్ ఉన్న సగానికి రాదు. వెన్, అంటిల్, అన్‌లెస్, బిఫోర్, యాజ్ సూన్ యాజ్ వెనక కూడా ఇంతే. కానీ "ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్" రైటే. ఇక్కడ "వచ్చినప్పుడు" అనడం లేదు, "ఎప్పుడొస్తాడో" తెలియదంటున్నాం. వెన్‌ని ఈ రెండు రకాలుగా తెలుగులోకి తిప్పి చూడు. "ఎప్పుడో" అని కుదిరితే విల్ ఉండొచ్చు, "అప్పుడు" అని కుదిరితే ఉండకూడదు. మన తెలుగు అడ్డం పడకుండా సాయపడే చోటు ఇది, వాడుకో.

హాడ్ సంగతి. జరిగిపోయిన పనులు రెండుంటే, ముందు జరిగినదానికి హాడ్. "వెన్ వి రీచ్‌డ్ ది స్టేషన్, ది ట్రైన్ హాడ్ ఆల్రెడీ లెఫ్ట్." పని ఒక్కటే ఉండి పక్కన లాస్ట్ వీక్ ఉంటే హాడ్‌కి అక్కడ పనే లేదు. "ఐ హాడ్ గాన్ టు తిరుపతి లాస్ట్ వీక్" మనవాళ్లు మాటల్లో తెగ వాడతారు, తప్పులు పట్టే బిట్లలో దీన్ని పట్టుకొచ్చి పెడతారు. వాక్యం నాలుగు ముక్కలు చేసి తప్పు ఎక్కడుందని అడిగినప్పుడు ముందు క్రియ ఉన్న ముక్కకే వెళ్లు. "డిడ్ నాట్ వెంట్" లాంటివి వెంటనే దొరుకుతాయి. ఇఫ్‌లో హాడ్ ఉంటే రెండో సగంలో వుడ్ హావ్ ఉందా చూడు. "ఇట్ ఈజ్ హై టైమ్ వి" తర్వాత స్టార్టెడ్, స్టార్ట్ కాదు.

కర్త దగ్గర మోసమంతా దూరంతో చేస్తారు. "ది క్వాలిటీ ఆఫ్ దీజ్ మ్యాంగోస్ ____ గుడ్". ఖాళీ పక్కనే మ్యాంగోస్ కనబడి చెయ్యి ఆర్ మీదకి పోతుంది. ఆఫ్ నుంచి మ్యాంగోస్ దాకా పెన్సిల్‌తో కొట్టెయ్, క్వాలిటీ ఈజ్ మిగులుతుంది. యాజ్ వెల్ యాజ్, అలాంగ్ విత్ తర్వాత వచ్చేదాన్నీ అలాగే కొట్టెయ్. నైదర్, నార్ వస్తే మాత్రం దగ్గర ఉన్న కర్తే లెక్క. "ఎ నంబర్ ఆఫ్"కి ఆర్, "ది నంబర్ ఆఫ్"కి ఈజ్.

తెలియని బిట్ వదిలెయ్యాలా అని అడిగావు. నువ్వు రాసే సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష) మొదటి దశ, అంటే టయర్-1లో ఇంగ్లీషు 25 బిట్లు, ఒక్కోటి 2 మార్కులు, తప్పుకి 0.50 కోత. టయర్-2లో 45 బిట్లు, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకి 1 కోత. టయర్-2లో ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే సగటున సున్నా, ఒరిగేదేం లేదు. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మిగిలిన రెంటిలో ఏది పెట్టినా సగటున బిట్టుకి ఒక మార్కు వస్తుంది. అందుకే కొట్టేయడం నేర్చుకోమని ఇంతగా చెప్తున్నాను. సగం తెలిసిన బిట్‌ని వదలకు.

తప్పులు రాసుకునే నోట్‌బుక్‌లో మాత్రం రూల్ ఎక్కించకు, రూల్స్ నీ దగ్గర బోలెడున్నాయి. వాక్యం రాసి, నువ్వు చూడకుండా వదిలేసిన మాట కింద గీత గియ్యి, చాలు. వారం తర్వాత ఆన్సర్ మూసి మళ్లీ చెయ్. నెల తిరిగేసరికి ఒకే రకం మాటల కిందే గీతలు పడుతున్నాయని నీకే తెలుస్తుంది, అప్పుడు ఆ ఒక్కదాని మీద కూర్చో.

కింద మూడు రాశాను. ఆన్సర్లొక్కటే పంపితే చూడనురా, ఏ మాట పట్టుకుని పెట్టావో దానికింద గీత గీసి పంపు.

"ఐ వోంట్ లీవ్ అంటిల్ షి ____." విల్ కమ్, కమ్స్, కేమ్, హాడ్ కమ్.

"బై నెక్స్ట్ సంక్రాంతి, దే ____ ఇన్ దిస్ హౌస్ ఫర్ టెన్ ఇయర్స్." లివ్, ఆర్ లివింగ్, విల్ హావ్ లివ్‌డ్, హాడ్ లివ్‌డ్.

"నైదర్ ది డ్రైవర్ నార్ ది పాసెంజర్స్ ____ హర్ట్ ఇన్ యెస్టర్డేస్ యాక్సిడెంట్." వాజ్, వర్, హాజ్ బీన్, ఈజ్.

అమ్మని అడిగానని చెప్పు.

ఉంటానురా.