ఆరోగ్య శాఖ మంత్రి గారికి: కోత కోశారు సరే, ఆ తర్వాత సంగతి ఎవరు చెప్తారు?

మంత్రి గారూ, నమస్కారం.

ఇచ్చిన అర్జీలు ఏ బీరువాలో ఉన్నాయో తెలియదు, అందుకే అందరికీ కనబడేలా రాస్తున్నా. నాకు రొమ్ము క్యాన్సర్. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్, కీమో అన్నీ అయ్యాయి, నేను పైసా కట్టలేదు. ఇది ముందే చెప్పేస్తున్నా, లేకపోతే మీ పార్టీ వాళ్లు కింద అదే అడుగుతారు.

రొమ్ముతో పాటు చంకలో గ్రంథులూ తీశారు. అలా తీస్తే ఆ వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుందని, భుజం బిగుసుకోకుండా గోడ మీద వేళ్లు పైకి పాకిస్తూ వ్యాయామం చెయ్యాలని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టారు, మొత్తం ఇంగ్లీషే. కుట్లు ఊడతాయేమోనన్న భయంతో చెయ్యి కదపకుండా కూర్చుంటే భుజం పట్టేసి, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి కూడా మా ఆడబిడ్డని పిలవాల్సొచ్చింది. తర్వాత వాపు. గాజులు ఎక్కవు, ఒక చెయ్యి మాత్రం వదులుగా కుట్టమని టైలర్‌కి చెప్పాలంటే ప్రాణం చచ్చిపోతుంది. దానికి బిగుతు తొడుగు ఒకటి ఉంటుందని చివరికి ప్రైవేటులో ఫిజియో మేడమ్ చెప్తే తెలిసింది, అదీ సొంత డబ్బుతోనే కొన్నా.

నా పక్క బెడ్డు అక్క అయితే క్యాన్సర్ మళ్లీ రాకుండా ఐదేళ్లు వాడాల్సిన టామాక్సిఫెన్ మాత్రలు సీసా అయిపోగానే ఆపేసింది, తగ్గిపోయింది కదా అని. కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర కాదు, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలని ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. ఇంట్లో ఆమె కంచం వేరు పెట్టారట, అంటుకుంటుందని. అంటుకోదని వాళ్లకి చెప్పేవాళ్లేరి?

అక్టోబర్ వస్తే చార్మినార్‌కి గులాబీ లైట్లు. బాగుంటాయి సార్, ఫొటోలు కూడా బాగా వస్తాయి. ‘ముందే గుర్తించండి’ అంటారు, గుర్తించాక మా గతేంటి? రౌండ్‌కి వచ్చిన ప్రతివాళ్లూ ‘ధైర్యంగా ఉండమ్మా’ అంటారు, రేపు నా ఒంటికి ఏమవుతుందో తెలియకుండా ధైర్యం ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలండీ?

డిశ్చార్జి రోజు ఒక సిస్టర్ పావుగంట కూర్చుని తెలుగులో చెప్పేలా చూడండి. బొమ్మలతో ఒక చిన్న పుస్తకం ఇవ్వండి. తొడుగు, కృత్రిమ రొమ్ము పథకంలో పెట్టండి. సిబ్బంది లేరంటారా, మాలాంటి వాళ్లని పిలవండి. బస్సు చార్జీలిస్తే చాలు, వార్డుకొచ్చి మేమే చెప్తాం.

ఇట్లు,
చికిత్స అయిపోయిందని మీ లెక్కల్లో ఉన్న ఒక పేషెంటు