శక్తి ఎవరికి సంక్రమిస్తుందో ముందు తేల్చుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సీరియల్ నవలల మీద వచ్చిన వ్యాసం పారానార్మల్ రొమాన్స్‌ను, అంటే అతీంద్రియ శక్తులున్న మనుషుల ప్రేమకథలను, క్షుద్ర నవలలతో కలిపి ఒకే గాటన కట్టింది. 1980లలో మన వారపత్రికల్ని ఊపేసిన క్షుద్ర నవలల్లో శక్తి బయటినుంచి వస్తుంది. ఎవరో మాంత్రికుడు ప్రయోగం చేస్తాడు, ఇంటిల్లిపాదీ బాధపడతారు. ఇప్పటి పిల్లలు ఇష్టంగా చదువుతున్న నవలల్లో శక్తి ఆ ఇంట్లోనే పుడుతుంది. ఆ కుటుంబం పలుకుబడికి అదే ఆధారం, ప్రేమించి ఆ గడప తొక్కే మనిషికి అదే అగ్నిపరీక్ష. అందుకే ఇక్కడ కథ చెడే చోట్లు కూడా వేరు.

ఎక్కువగా చెడేది వారసత్వం దగ్గర. శక్తి రక్తంతో వస్తుందా, ఇంటిపేరుతో వస్తుందా? ఇది తేల్చుకోకుండా మొదలుపెట్టిన నవల సగానికి వచ్చేసరికి చిక్కుపడుతుంది. మన ఇళ్లలో కోడలి ఇంటిపేరు మారుతుంది, దత్తత వెళ్లిన పిల్లవాడి గోత్రం మారుతుంది, ఇల్లరికపుటల్లుడు అత్తవారింట్లో ఉన్నా తన ఇంటిపేరు తనదే. రక్తం అనుకుంటే మేనరికం శక్తిని గట్టిపరుస్తుంది, బయటి సంబంధం పలచన చేస్తుంది. హీరో ప్రేమకు నాయనమ్మ ఎందుకు అడ్డుపడుతోందో చెప్పడానికి ఇంకో కారణం వెతకనక్కర్లేదు. ఇంటిపేరు అనుకుంటే మూడు ముళ్లు పడగానే కోడలికి శక్తి రావాలి, అదే లెక్కన అత్తారింటికి వెళ్లిన ఆడపడుచుకు పోవాలి. నిన్నటిదాకా గోడ అవతలి మాటలు విన్న పిల్ల, అప్పగింతల సాయంత్రం నుంచి ఏమీ వినలేకపోవడం! ఇంత బలమైన పాత్ర చేతిలో ఉంటే రచయితలు ఆమెను పెళ్లి పందిట్లోనే వదిలేస్తున్నారు. చాలా నవలల్లో శక్తి కొడుకులకే పోతుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. శక్తి కొడుకులకే అని రాసుకోవచ్చు, కానీ ఆ ఇంటి కూతురు ‘నా సంగతేంటి’ అని అడిగే అధ్యాయం ఒకటి ఉండాలి.

వంశవృక్షం కాగితం మీద ఉండాలి. ఒక్కొక్కరి పుట్టిన ఏడాది, శక్తి, దానికి చెల్లించే మూల్యం, ఆ సంగతి ఎవరెవరికి తెలుసు, ఈ నాలుగూ పేరు పక్కన రాసుకుంటే చాలు. మూసీ వరదల్లో జనాన్ని కాపాడిన తాత అని రాసేస్తారు. ఆ వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న. అప్పటికి 23 ఏళ్లంటే 1885లో పుట్టినవాడు. తరానికి 27, 28 ఏళ్ల చొప్పున వేస్తే 1912, 1940, 1968, 1996. అంటే నేటి హీరోకు ఆయన తాత అవడు, ముత్తాతకు తండ్రి అవుతాడు. ఆయన ఇంకా పడక్కుర్చీలో కూర్చుని ఉండాలంటే దీర్ఘాయుష్షు కూడా ఆ వంశానికి శక్తిగా ఇవ్వాలి. అప్పుడు మిగతా ముసలివాళ్లంతా ఎందుకు పోయారన్న ప్రశ్న వస్తుంది.

శక్తికి హద్దు పెట్టడం మనకు కొత్త కాదు. మనుచరిత్రలో ప్రవరుణ్ణి హిమాలయానికి చేర్చింది పాదలేపనం. ఎండకు మంచు కరిగి ఆ లేపనం కొట్టుకుపోయింది, తిరిగి వెళ్లే దారి లేక అతను వరూధినికి ఎదురుపడ్డాడు. శక్తి పోయిన చోటే కథ పుట్టింది. ఇప్పటి నవలల్లో జరుగుతున్నది దీనికి తలకిందులు. సీరియల్‌కు ఆదరణ రాగానే 24 వారాలది 40 వారాలకు పొడిగిస్తారు, వారం వారం ఆఖరి పేరాలో కొత్త మలుపు కావాలి, సులువుగా దొరికేది కొత్త శక్తి. అణువంత చిన్నగా మారే అణిమతో మొదలైన కుర్రాడు 15వ వారానికి అష్టసిద్ధులూ సంపాదిస్తాడు. ఇక అతనికి ఆపద అంటూ ఏముంటుంది? మూడో వారంలోపు శక్తి, హద్దు, మూల్యం మూడూ పాఠకుడికి తెలిసిపోవాలి. ఆ తర్వాత హద్దు బిగియాలే తప్ప సడలకూడదు.

మనసులో మాట వినే హీరోతో మరో ఇబ్బంది ఉంది. అతనికి అపార్థం కలగదు, అపార్థం లేకపోతే ప్రేమకథ నడవదు. అందుకని రచయిత అవసరమైనప్పుడల్లా ఆ శక్తిని మరిచిపోతాడు. ‘ఆమె మనసు ఒక్కటే వినపడదు’ అన్న ఉపాయం అరిగిపోయింది. హైదరాబాద్‌లో అంతకన్నా మంచి దారి ఉంది. ఆమె ఆలోచించేది దక్కనీ ఉర్దూలో అయితే, వలిగొండ లాంటి ఊరి నుంచి వచ్చిన అతనికి మాటలు వినపడతాయి, అర్థం కావు. ఆమె కోసం అతను ఆ భాష నేర్చుకోవాలి.

అష్టసిద్ధుల్లో చివరిదైన వశిత్వం, అంటే ఎదుటివారిని వశం చేసుకోవడం, ప్రేమకథలో వాడితే దాన్ని నేరంగానే చూపాలి. వరూధిని ఎవరిని కోరిందో, ప్రవరుడి రూపంలో వచ్చిన గంధర్వుడితో ఎలా మోసపోయిందో పాఠకుడికి తెలుసు, ఆమెకు తెలియదు. ఈ రోజు అలాంటి ఘట్టం రాస్తే ఆమెకు నిజం తెలిసే రోజును కూడా రాయాలి.

చోటు గురించి ఒక్కమాట. అతీంద్రియ వినికిడిని గోల్కొండలో చూపిస్తున్నారు. అక్కడ కింది ద్వారం దగ్గర చప్పట్లు కొడితే కొండ కొసన ఉన్న బాలాహిస్సార్ పైన ఎవరికైనా వినపడుతుంది, శక్తి అక్కర్లేదు. పాతబస్తీ దేవిడీ, అంటే నవాబుల కాలపు పెద్ద భవంతి, అయితే మగవాళ్లుండే మర్దానాకు, ఆడవాళ్లుండే జనానాకు మధ్య గోడలు, వాకిళ్లు ఉంటాయి. ఆ గోడ దాటి వినడమే శక్తి.

ఇకమీదట ఇలాంటి సీరియల్ తీసుకునేటప్పుడు మొదటి అధ్యాయంతోపాటు వంశవృక్షం, శక్తుల నియమాల పేజీ ఒకటి అడిగి తీసుకోండి. నవల పూర్తిగా చేతికి వచ్చాకే అచ్చు మొదలుపెట్టండి. ఆదరణ వచ్చిందని పొడిగించమని రచయితను అడగకండి.

— ఒక పాఠకురాలు, చిక్కడపల్లి, హైదరాబాద్