పవర్ తగ్గించిన బైకుకు కాగితం ఏదీ? బ్రిటన్ రవాణా మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాం. తెలుగులోనూ రాయడానికి కారణం ఉంది. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో మాస్టర్స్ చదవడానికి ఇక్కడికొచ్చే పిల్లలకు ఏ2 లైసెన్స్, అంటే పవర్‌కు హద్దున్న బైకులకే చెల్లే లైసెన్స్, అనే మాటే కొత్త. ఇండియాలో పద్దెనిమిది నిండి గేర్ల బండి లైసెన్స్ చేతికొస్తే వంద సీసీ బండైనా వెయ్యి సీసీ బండైనా ఒకటే. ఆ లైసెన్స్ ఇక్కడ పన్నెండు నెలలే చెల్లుతుంది. తర్వాత బ్రిటిష్ పరీక్ష రాయాల్సిందే. పవర్ హద్దు లేని పూర్తి ‘ఏ’ పరీక్షకు నేరుగా వెళ్లాలంటే 24 నిండాలి. అంతకంటే చిన్నవాళ్లకు మొదట దక్కేది ఏ2యే.

2013 జనవరి 19 నుంచి ఏ2 హద్దు 35 కిలోవాట్లు, అంటే దాదాపు 47 బీహెచ్‌పీ. కిలో బరువుకు 0.2 కిలోవాట్లు దాటకూడదు కాబట్టి 35 కిలోవాట్ల బండి కనీసం 175 కిలోలు తూగాలి. అసలు పవర్ 70 కిలోవాట్లు దాటిన బండిని ఎంత తగ్గించినా ఏ2కి పనికిరాదు. ఈ మూడో షరతు చాలామందికి తెలియదు, తెలిసేసరికి బండి కొనేసి ఉంటారు. చెన్నైలో తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650కి గాని, ఇప్పటి హోండా సీబీ500కి గాని ఈ గొడవ లేదు, అవి ఫ్యాక్టరీ నుంచే హద్దులో ఉంటాయి. చిక్కల్లా 50 కిలోవాట్లు దాటిన యమహా ఎంటీ-07, కవాసాకి జెడ్650 లాంటివాటితోనే. వాటి పవర్ తగ్గించాలంటే ఇంజిన్‌కు గాలి వెళ్లే ఇన్‌టేక్‌లో వాషర్లు వేస్తారు, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకుండా స్టాప్ పెడతారు, లేదా ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లో డీలర్ సెట్టింగులు, అంటే మ్యాప్, మారుస్తాడు.

ఆ పని జరిగిందని రాసి ఉండేది ఎక్కడ? డ్రైవింగ్ పరీక్షకు వెళితే, దాన్ని నిర్వహించే డీవీఎస్ఏ వాళ్లు డీలర్ లేదా గుర్తింపున్న నిపుణుడు లెటర్‌హెడ్ మీద, బండి నంబరుతో సహా ఇచ్చిన పత్రం అడుగుతారు. పవర్ కొలిచే యంత్రం ఇచ్చే డైనో రిపోర్టు చూపిస్తే ఒప్పుకోరు. బండ్ల రిజిస్ట్రేషన్ చూసే స్వాన్సీలోని డీవీఎల్ఏకి మాత్రం రంగు మారినా, ఇంజిన్ మారినా, ఇంధనం మారినా చెప్పాలి గాని పవర్ తగ్గించామని చెప్పాలన్న నియమం లేదు. బండి రిజిస్ట్రేషన్ పత్రమైన వీ5సీలో పీ.2 అనే గడి ఉన్నదే కిలోవాట్ల కోసం. అందులో పాత అంకె అలాగే ఉండిపోతుంది. ఏటా జరిగే బండి ఫిట్‌నెస్ పరీక్ష ఎంఓటీలో పవర్ కొలవరు. రెండు సంస్థలూ మీ శాఖ కిందివే. ఒకటి అడిగే కాగితం రెండోదానికి అక్కర్లేదు!

ఈ లోటు భారమంతా ఇన్సూరెన్స్ ఫారం నింపే కుర్రాడి మీద పడుతోంది. నంబరు కొట్టగానే పూర్తి పవర్ మోడల్ వస్తుంది. కింద “మార్పులు ఏమైనా చేశారా?” అని ఉంటుంది. మార్పు అంటే సైలెన్సర్ మార్చడమో, పవర్ పెంచడమో అనుకుని, తగ్గించాం కదా అని ‘లేదు’ అని నొక్కేస్తాడు. కంపెనీ లెక్కలో అప్పుడది ఏ2 లైసెన్స్‌తో నడిచే పూర్తి పవర్ బండి.

2012 నాటి వినియోగదారుల బీమా చట్టం ఇలాంటి అజాగ్రత్తకూ కావాలని చెప్పిన అబద్ధానికీ తేడా చూపుతుంది. అజాగ్రత్త అయితే, నిజం తెలిస్తే వసూలు చేసి ఉండే ప్రీమియంతో పోల్చి క్లెయిమ్ తగ్గిస్తారు. 600 పౌండ్లు కట్టినచోట 800 కట్టాల్సి ఉంటే, 4,000 పౌండ్ల నష్టానికి 3,000 చేతికొస్తాయి. అసలు పాలసీయే ఇచ్చేవాళ్లం కాదని కంపెనీ చూపగలిగితే క్లెయిమ్ లేదు, కట్టిన ప్రీమియం వెనక్కి వస్తుంది. పవర్ తగ్గించినట్టు సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని వాషర్లు పీకేసిన వాళ్లది వేరే దారి. పాలసీ రద్దు, ప్రీమియం కూడా పోతుంది. లైసెన్స్‌కు మించిన బండి నడిపిన నేరం, ఇన్సూరెన్స్ లేని నేరం వేరుగా ఉంటాయి. రెండోదానికి లైసెన్స్ మీద కనీసం ఆరు పెనాల్టీ పాయింట్లు పడతాయి. కొత్త లైసెన్స్‌కు మొదటి రెండేళ్లలో ఆరు పడితే లైసెన్సే పోతుంది. అలా వాషర్లు పీకేసిన వాళ్ల తరఫున మేం మాట్లాడటం లేదు.

మీరు కదిలేలోపు పిల్లలు చేయగలిగింది చెబుతున్నాం. పాలసీ కొనకముందే “35 కిలోవాట్లకు తగ్గించిన బండి, ఫలానా పద్ధతిలో, ఫలానా తేదీన” అని ఈమెయిల్‌లో రాసి సర్టిఫికెట్ జతచేయండి. పాలసీ పత్రంలో ఆ మాట అచ్చయిందో లేదో చూడండి. ఫోన్‌లో సరేనన్నారని ఊరుకోవద్దు. ప్రీమియం తగ్గకపోవచ్చు, అందులో దొంగతనం లెక్క కూడా ఉంటుంది, దొంగకు బండి పవర్‌తో పనేముంది! సెకండ్ హ్యాండ్ బండికి పాత యజమాని ఇచ్చిన సర్టిఫికెట్‌ను నమ్మకండి. వాషర్లయితే విప్పి చూడొచ్చు, మ్యాప్ కంటికి కనిపించదు, డీలర్ దగ్గర చదివించాల్సిందే. సర్టిఫికెట్ మీద 25 కిలోవాట్లు అని ఉంటే అది 2013కు ముందరి నియమం తాలూకు కాగితం. పూర్తి ‘ఏ’ పాసయ్యాక కూడా కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకున్న తర్వాతే పవర్ తగ్గించే ఆ అమరిక (రెస్ట్రిక్టర్) తీయించండి. తీయడమూ మార్పే.

మంత్రి గారూ, మేం అడిగేవి రెండే. పరీక్షకు డీవీఎస్ఏ ఒప్పుకునే పత్రాన్నే డీవీఎల్ఏ కూడా తీసుకుని, వీ5సీలో తగ్గించిన పవర్, తగ్గించిన తేదీ ముద్రించాలి. తీసేసినప్పుడూ అలాగే. అది రికార్డులో ఉంటే నంబరు కొట్టగానే కంపెనీకీ పోలీసుకీ ఒకే అంకె కనిపిస్తుంది. రెండోది, ఆర్థిక నియంత్రణ సంస్థతో మాట్లాడి బైకు ఫారాల్లో “ఈ బండి పవర్ తగ్గించారా? ఎన్ని కిలోవాట్లకు?” అన్న ప్రశ్నను ‘మార్పులు’ నుంచి విడదీయించండి. వినియోగదారుడు తగిన జాగ్రత్త తీసుకున్నాడా లేదా తేల్చేటప్పుడు కంపెనీ ప్రశ్న ఎంత స్పష్టంగా ఉందో కూడా చూడాలని ఆ 2012 చట్టమే చెబుతోంది.

ఇట్లు,
బ్రిటన్‌లో బైకులు నడిపే తెలుగువాళ్లం