బాబాయి వాయిస్ మెసేజ్ సంగతి

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోప్పడకురా. దమ్ముల హడావుడిలో, అదే నాట్లకి ముందు నీళ్ళు పెట్టి మడి దున్నే పనిలో పడిపోయా. అమ్మ మోకాలు నయం, చెల్లి పరీక్షలు బాగా రాసింది. సరే, అసలు సంగతికొస్తా. రెండు రోజులుగా కడుపులో ఆగట్లేదు.

బాబాయి చేలో మట్టి పరీక్షకిచ్చాం కదా, ఆ ఫలితాల కార్డు ఫోన్‌కే వచ్చింది. 12 వరుసలు, అన్నీ అంకెలే, లెక్కేమో హెక్టారుకి! బాబాయికి ఎకరం తప్ప తెలీదు. "బాగుందా లేదా, అది చెప్పరా" అన్నాడు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ చేసిచ్చా: "బాబాయ్, నీ చేలో భాస్వరం దండిగా ఉంది, భాస్వరం ఇచ్చే ఎరువు డీఏపీ తగ్గించు. జింక్ 0.4 ఉంది, 0.6 దాటాలి. ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోల జింక్ సల్ఫేట్ వెయ్యి, డీఏపీతో మాత్రం కలపకు." వరి ఆకుల మీద తుప్పు మచ్చలు జింక్ లోటు వల్లేనని మూడేళ్ళకి తెలిసింది. బాబాయి మొహం చూడాలిరా, నీలం సైకిల్ దొరికిన రోజు నీ మొహమే!

ఆ సంబరంలో దాన్ని ఊరందరికీ పంపేశాడు. నిన్న పొద్దున చెరువు కింద మావయ్య కనబడి, "నీ మాట విని డీఏపీ తగ్గించేశా అల్లుడూ" అన్నాడు. గుండె ఆగినంత పనైంది. ఆయన కార్డు తెరిస్తే భాస్వరం తక్కువ! భాస్వరం ఎక్కువుంటే సిఫారసు చేసిన మోతాదులో 30 శాతం తగ్గించాలి, తక్కువుంటే 30 శాతం పెంచాలి. చెరువు కిందికి దిగేసరికి లెక్క తిరగబడిందిరా. ఇంకా నాట్లు పడలేదు కాబట్టి సరిపోయింది.

అంకెలు పంపితే ఎవరూ చదవరు, మాటగా చెబితే పక్క చేలోకి పారిపోతుంది. అందుకే ఇప్పుడు రైతు పేరు, సర్వే నంబరు చెప్పాకే మొదలుపెడుతున్నా. రాత్రి అరుగు మీద కూర్చుని ఏడుగురికి చేశా.

ఇంకోటి మనసులో గుచ్చుతోంది. నీటి వసతి ఉన్న చోట 2.5 హెక్టార్లకి ఒక్క నమూనా తీసేవాళ్ళు. అంటే ఆరెకరాల పైమాట. చెరువు కింద అంతలో నలుగురి పొలం చెక్కలున్నాయి. మరి మావయ్య కార్డులో ఉన్నది మావయ్య మట్టేనా? కోతలవగానే నేనే 15 సెంటీమీటర్ల లోతున గుంటలు తీసి, ఆ చెక్క మట్టి విడిగా... ఆగు, గేటు దగ్గర ఎవరో ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. మీ నాన్నగారి కార్డు ఫొటో పంపు, సర్వే నంబరు కనబడేలా.

నీ
శీను