నిషేధానికి 14 నెలలు ఎందుకు పట్టింది?

సంపాదకులకు నమస్కారం.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి చదివినప్పుడల్లా నాకు రిమోనబాంట్ అనే పాత బరువు తగ్గించే మందు గుర్తుకొస్తుంది. అప్పట్లో నేను ఒక మందుల దుకాణంలో ఫార్మసిస్టును. పొట్ట తగ్గాలని వచ్చినవారికి ఆ మాత్రలు నా చేతులతోనే ఇచ్చాను.

గంజాయి మొక్కలోని రసాయనంలా పనిచేసే పదార్థాలు మన ఒంట్లోనే తయారవుతాయి. 1992లో గుర్తించిన ఒకదానికి మన ‘ఆనందం’ మీదే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఇవి సీబీ1 గ్రాహకాల (కణాల మీద ఉండి రసాయన సంకేతాలు అందుకునే భాగాల) ద్వారా ఆకలిని పెంచుతాయి, కాలేయంలోనూ పొట్టచుట్టూ కొవ్వు చేరేందుకు తోడ్పడతాయి. రిమోనబాంట్ ఆ గ్రాహకాలకు అడ్డుపడేది. మేలు నిజంగానే కనిపించింది. ఏడాది వాడినవారు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే సగటున 4.7 కిలోలు ఎక్కువ తగ్గారు. రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు దిగాయి, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది. గుండెకు రక్షణ దొరికిందని వైద్యులు ఆశపడటంలో తప్పులేదు.

కానీ మెదడులో భయాన్ని, దిగులును అదుపులో ఉంచేవి కూడా అవే గ్రాహకాలు. కుంగుబాటు వల్ల మందు మానేసినవారు పరీక్షల్లోనే ఎక్కువగా కనిపించారు. 2007 జూన్‌లో అమెరికా నిపుణుల సంఘం ఈ మందు వద్దని ఏకగ్రీవంగా చెప్పింది. 2008 అక్టోబరులో యూరప్ అమ్మకాలు ఆపించింది. మన దేశంలో నిషేధం 2009 డిసెంబరులో వచ్చింది. మధ్యలో 14 నెలలు! ఆ మాత్ర కొన్నవారికి నిద్రపట్టకపోయినా, మనసు బాగోకపోయినా దానికి కారణం మందేనని చెప్పిన వారెవరు? నేనూ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పటి ఇంజెక్షన్లు పనిచేసే దారి వేరు, వాటికీ ఇదే ముప్పు ఉందని నేను అనడం లేదు. స్థూలకాయం, మధుమేహం ఇంతగా ఉన్న మన రాష్ట్రాల్లో మంచి మందు అవసరమే. మెదడులోకి అంతగా చేరకుండా సీబీ1ను అడ్డుకునే కొత్త మందులపైనా పరిశోధనలు జరుగుతున్నాయి. అందుకే ఔషధ నియంత్రణ అధికారులను కోరుతున్నాను: విదేశంలో ఒక మందును ఆపితే, దాన్ని ఇక్కడ కొనసాగించాలో వద్దో 30 రోజుల్లో తేల్చి, ఆ నిర్ణయాన్ని తెలుగులో సహా ప్రజల భాషల్లో ప్రకటించాలి. బరువు మందు రాసే ప్రతి వైద్యుడూ ముందుగా రోగి మానసిక స్థితిని అడిగి చీటీలో నమోదు చేయాలి. ఆ చీటీ లేకుండా దుకాణంలో మందు ఇవ్వకూడదు.

— ఒక విశ్రాంత ఫార్మసిస్టు, విజయవాడ