రెండు పెన్సిళ్లు చాలు, కిట్టు కొనకండి

జులై వార్తాలేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శనివారం మధ్యాహ్నాలు ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలకు క్యాలిగ్రఫీ, అంటే అక్షరాలను అందంగా తీర్చి రాసే పని, మొదలుపెట్టిన సంగతి మీకు తెలుసు. అప్పటి నుంచి గేటు దగ్గరా, ఫోన్లోనూ మీలో చాలామంది అడుగుతున్నది ఒకటే: "మేడమ్, ఏ కిట్టు కొనమంటారు?" ఒక నాన్నగారు ఆన్‌లైన్‌లో చూసిన డబ్బా ఫొటో కూడా పంపారు. బోలెడు నిబ్బులు, రంగురంగుల సిరా బుడ్లు, మూత మీద బంగారు రంగు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ కొనకండి. దసరా సెలవుల దాకా ఏమీ కొనొద్దు.

నిబ్బు పెన్ను చేతికిచ్చిన రోజున పిల్లలకు అక్షరం మీద ధ్యాస ఉండదు. సిరా కారిందా, చొక్కాకి అంటిందా, నిబ్బు గీరుకుంటోందా, అంతా ఇదే గొడవ. పైగా ఖరీదైన పెన్ను అనేసరికి "జాగ్రత్త, పాడుచేసేవు" అని ఇంట్లో మనమే టెన్షన్ పెడతాం. భయపడుతూ గీసిన గీత వణుకుతుంది. అందుకే పాడైనా ఎవరికీ బాధ లేని వస్తువులతో మొదలుపెట్టాం.

రెండు మామూలు పెన్సిళ్లు చెక్కి, పక్కపక్కన పెట్టి, పైన ఒకటి, కింద ఒకటి రబ్బరు బ్యాండ్లు బిగించాలి. అంతే, పది రూపాయల్లో పెన్ను తయారు. పలకలున్న పెన్సిళ్లయితే జారకుండా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. రెండు మొనలూ కాగితానికి ఒకేసారి తగలాలి. ఒకటి పొట్టిగా ఉంటే బ్యాండ్లు కాస్త వదులు చేసి, రెండింటినీ బల్ల మీద నిలబెట్టి, మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఈ జంట పెన్సిళ్లతో మీ అబ్బాయి చేతో అమ్మాయి చేతో "ర" రాయించి చూడండి. రెండు మొనలనూ కలుపుతూ ఒక గీత ఉందనుకుంటే, అది ఎడమ నుంచి కుడికి కొంచెం పైకి, సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. అక్షరం గుండ్రంగా తిరుగుతున్నా పెన్సిళ్లు మాత్రం వేళ్లలో తిరగకూడదు. మొదలుపెట్టినప్పటి వాలే చివరిదాకా ఉండాలి. పిల్లలందరూ తప్పేది ఇక్కడే. సరిగ్గా వస్తే ఒక తమాషా కనిపిస్తుంది. "ర"లో ఉన్న సున్నాను గడియారం అనుకుంటే, పదకొండు దగ్గరా ఐదు దగ్గరా రెండు గీతలూ దాదాపు కలిసిపోయి సన్నబడతాయి. రెండు దగ్గరా ఎనిమిది దగ్గరా విడిపోయి లావవుతాయి. పైన తలకట్టు పెట్టినప్పుడు దిగే గీత లావుగా, ఎక్కే గీత సన్నగా దానంతటదే వస్తుంది. పిల్ల ఎక్కడా గట్టిగా నొక్కలేదు. ఇదంతా వాలు చేసిన పని. వెడల్పు నిబ్బు పెన్ను ఎంత ఖరీదు పెట్టి కొన్నా చేసేది ఇదే. రెండు గీతల మధ్య రంగు నింపుకుంటే అచ్చం దానితో రాసినట్టే ఉంటుంది.

అక్షరం ఎంత పెద్దగా ఉండాలి అంటే, రెండు మొనల మధ్య దూరానికి నాలుగైదు రెట్ల ఎత్తు. మామూలు పెన్సిళ్లకు ఆ దూరం 7 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అక్షరం 3 సెంటీమీటర్లకు తగ్గకూడదు. నోట్సు పుస్తకంలో పట్టదు. పాత క్యాలెండరు కాగితాల వెనక వైపు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, దయచేసి పారేయకండి. యూట్యూబ్ వీడియోల్లో ఇంగ్లీషు అక్షరాలకు చెప్పే గీతల కొలతలు మనకు చాలవు. మనకు పైన గుడి, కింద ఒత్తు ఉన్నాయి. నమ్మకం కలగకపోతే "స్త్రీ" అని రాయించి చూడండి, కింద వరుస మీదకి దిగిపోతుంది. రెండు వరుసల మధ్య కనీసం ఒక అక్షరం ఎత్తు వదలాలి.

ఇంట్లో అ ఆ లతో మొదలుపెట్టించొద్దు. అక్షరమాల వరుస చదువుకోవడానికి. చేతికి వరుస వేరు. మేం సున్నాతో, ర, ఠ లతో మొదలుపెట్టాం. తర్వాత గ. ఆ తర్వాత ఒకే పోలికలో ఉండే ప, వ, మ, య. తలకట్టు లేని ట, ణ, బ, ల, జ కొన్నాళ్లు ఆగి వస్తాయి. మెలికల ముగ్గు వేసే అమ్మలకు ఈ మలుపులన్నీ అలవాటే. మీరు పక్కన కూర్చుని రాస్తే పిల్లల కంటే మీకే ముందు వస్తుంది, వాళ్లు కాస్త ఉడుక్కుంటారు, పర్లేదు.

కొందరు పెద్దవాళ్లు "తెలుగు అక్షరానికి ఈ లావూ సన్నమూ ఎక్కడివి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మనవాళ్లు తాటాకు మీద ఇనుప గంటంతో గీసేవారు, తర్వాత మసి రుద్దితే అది గీతలో నిలిచి అక్షరం కనబడేది. గంటం మొన సూది లాంటిది కాబట్టి ఎటు తిప్పినా గీత మందం ఒకటే. తిన్నగా అడ్డగీత లాగితే ఆకు చీలుతుంది కాబట్టే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని అంటారు. కాబట్టి ఫలానా అక్షరంలో ఫలానా చోటే లావు రావాలని మనకు కట్టుబాటు లేదు. నా మట్టుకు నాకు ఇది హాయైన విషయం. వాలు 30 డిగ్రీలు కాక 20 పెట్టి చూస్తానంటే మీ పిల్లల్ని చూడనివ్వండి. రాజమండ్రి వెళ్లే పని ఉంటే గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి, చూపించమని అడగండి. ద్రాక్షారామం వెళ్తే దర్శనం అయ్యాక వెంటనే ఆటో ఎక్కేయకుండా గుడిలోని రాతి శాసనాల దగ్గర కాసేపు ఆగండి. ఆ పాత అక్షరాల మీద తలకట్టు ఇప్పటిలా పైకి లేవదు, చిన్న అడ్డగీతలా ఉంటుంది. మా ఏడో తరగతి పిల్లలు దీన్ని నేను చెప్పకముందే పట్టేశారు.

దగ్గరి ఉదాహరణ కావాలంటే మీ బీరువాలో పాత శుభలేఖలు తీయండి. నరసాపురంలో పుట్టిన బాపు గారి చేతిరాత కంప్యూటర్ ఫాంటుగా వచ్చాక సగం శుభలేఖల మీద అదే కదా. గీత ఎక్కడ లావెక్కింది, ఎక్కడ సన్నబడింది అని పిల్లల్ని వేలు పెట్టి చూపించమనండి. చూడటం వరకే. దాన్ని దించమని ఇప్పుడే చెప్పకండి.

జంట పెన్సిళ్లు అలవాటయ్యాక సిరాకి వస్తాం. దానికీ కొనేది తక్కువే. ఐస్ పుల్ల చివర కాస్త ఏటవాలుగా కోస్తే చక్కటి కలం. వెదురు బద్దయితే ఇంకా మన్నుతుంది, దాని మొనలో సన్నగా చీలిక పెడితే సిరా నిలుస్తుంది. కోసే పని మాత్రం పెద్దవాళ్లే చేయాలి. బడికి ఎవరూ బ్లేడు తేకూడదు. మామూలు ఫౌంటెన్ పెన్ను సిరా ఒక బుడ్డి నలుగురికి సరిపోతుంది. పిల్లలు మరీ పట్టుబట్టి కట్ నిబ్ (మొన వెడల్పుగా ఉండే) ఫౌంటెన్ పెన్ను కొనిపించుకుంటే, అందులో నీళ్లకు చెదరని డ్రాయింగ్ ఇంకు మాత్రం పోయకండి. అందులో ఉండే లక్క ఎండిపోయి పెన్ను మూసుకుపోతుంది, మళ్లీ రాయదు.

సిరాకి అసలు ఇబ్బంది మన వాతావరణం. గోదావరికి ఎర్రనీరు తగిలే ఈ రోజుల్లో మన కోనసీమ ఇళ్లలో కాగితం కూడా చెమ్మగిల్లుతుంది. చెమ్మ కాగితం మీద సిరా పాకి, అక్షరానికి చుట్టూ నూగు మొలుస్తుంది. పిల్లలు అది తమ తప్పనుకుని ఏడుపు మొహం పెడతారు. కాగితాలు బట్టలతో పాటు ట్రంకుపెట్టెలో పెట్టండి, రాసే ముందు ఒక మూల చిన్న గీత గీసి చూడమనండి. సిరాలో కొంచెం తుమ్మబంక నీళ్లు కలిపితే పాకడం తగ్గుతుంది. వెనకటికి దీపపు మసిలో తుమ్మబంక కలిపే సిరా చేసుకునేవారు. ఆ సిరా ఒక శనివారం బడిలోనే చేస్తాం. ఆ రోజు తెల్ల యూనిఫాం వేయకండి.

ఇక మార్కుల సంగతి. "దీనివల్ల పదో తరగతిలో చేతిరాత బాగుపడుతుందా?" అని అడిగినవారికి నిజం చెప్పాలి. పరీక్ష హాల్లో మూడు గంటల్లో ఎవరూ ఇలా రాయలేరు, రాయకూడదు కూడా. ఆ రాత వేరు, ఈ పని వేరు. అక్షరానికీ అక్షరానికీ మధ్య చోటు చూసే అలవాటు మాత్రం రావచ్చు. అంతకు మించి నేను హామీ ఇవ్వను. మార్కుల కోసమే అయితే ఈ గంట లెక్కలు చేయించుకోండి, నేనేమీ అనుకోను.

ఎడమచేతి వాటం పిల్లల అమ్మానాన్నలకు ప్రత్యేకంగా ఒక మనవి: చేయి మార్చమని ఒత్తిడి చేయకండి. కాగితం పై అంచు కుడివైపుకి వాలేలా తిప్పి పెట్టుకుంటే మొనల వాలు కుదురుతుంది. సిరాకి వచ్చినప్పుడు చేయి తడి అక్షరాల మీద పడకుండా కింది నుంచి పట్టుకోవడం మేం నేర్పుతాం.

ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు వరండా గోడ నిండా పిల్లల షీట్లు అంటిస్తాం. ఒక్కొక్కరు ఒక్క మాటే రాయాలి, తమ ఊరి పేరు. పోటీ లేదు, బహుమతులు లేవు. అల్లవరం పిల్లలు ల ఒత్తుకి, కాట్రేనికోన పిల్లలు క్రావడికి ఇప్పటి నుంచే చోటు లెక్కేసుకుంటున్నారు. ముమ్మిడివరం వాళ్లు ఒక్క పేరులో ఎన్ని కొమ్ములూ గుడులూ అని గోల పెడుతున్నారు. షీట్లు ఆగస్టు 22 లోగా ఇవ్వాలి. లంక గ్రామాల పిల్లలకు ఈ గడువు లేదు. వరద వచ్చి పడవలు ఆగితే పిల్లల్ని పంపే సాహసం చేయకండి, నీరు తీశాక ఇచ్చినా గోడ మీద వాళ్ల చోటు ఉంటుంది.

చివరిగా ఒక అభ్యర్థన. మీలో గానీ మీ బంధువుల్లో గానీ షాపు బోర్డులు, లారీల వెనక రాతలు, పడవల పేర్లు చేత్తో రాసే ఆర్టిస్టులు ఉన్నారా? ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని మానేసినవారైనా సరే. ఏదో ఒక శనివారం ఒక గంట బడికి వచ్చి, కుంచెతో బోర్డు మీద నాలుగు అక్షరాలు రాసి చూపిస్తే చాలు. రంగులూ చెక్కా మేం సిద్ధం చేస్తాం. ఆఫీసు గదిలో పేరు చెప్పి వెళ్లండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు